ఏ గడప ముందు అడగాలి: శాసనసభకు వెళ్ళిన మేనకోడలికి లేఖ

చి. ల. సౌ. మేనకోడలికి,

ఒంగోలు నుంచి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందింది. రాబోయే సమావేశాల్లో పంచాయతీల అధికారాల మీదా, గనుల మీదా, వెలిగొండ ప్రాజెక్టు నీటి మీదా మాట్లాడే అవకాశం రావచ్చునని, ఎలా సిద్ధం కావాలో చెప్పమని అడిగావు. నేను పదేళ్ళు సర్పంచిగా, ఒక విడత శాసనసభ్యుడిగా పనిచేశాను. నాకు తెలిసిన దాన్ని దాచుకోకుండా చెబుతాను. ఇందులో కొంత నేను నష్టపోయి నేర్చుకున్నది కాబట్టి ముందుగా ఆ సంగతితోనే మొదలుపెడతాను.

1990ల తొలినాళ్ళలో బడ్జెటు పద్దుల మీద చర్చ జరుగుతున్నప్పుడు నేను చీమకుర్తి గ్రానైటు గురించి మాట్లాడాను. అంతకు నాలుగు రోజుల ముందే క్వారీకి వెళ్ళి చూసి వచ్చాను. గుంట లోపలి నుంచి పైకి తెచ్చిన నల్లరాయి ఒకటి ఇంటి గదంత ఉంది. నీళ్ళు చల్లితే దాని మీద నక్షత్రాల్లా చుక్కలు మెరిశాయి. ఇద్దరు మనుషులు టేపు పట్టి పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, దాని మొహం మీద ఎర్ర రంగుతో అంకె రాసి, చిన్న పుస్తకంలో ఘనమీటర్లు ఎక్కించుకున్నారు. ఆ రాయి ఎక్కిన లారీ మా ఊళ్ళ రోడ్డును గుంతలు చేసుకుంటూ రేవుకు పోయేది. ఆ ఘనమీటర్ల లెక్కన రాయి తీసినందుకు కట్టే సీనరేజి రుసుము రాష్ట్ర ఖజానాకు చేరేది. దుమ్మూ, ఎండిన బావులూ మాత్రం ఊరికి మిగిలేవి. ఇదంతా సభలో చెప్పి, ఆ ఆదాయంలో క్వారీ ఉన్న గ్రామానికి తగిన వాటా ఇవ్వాలని, ఆ వాటా ఏటా ఆలస్యం లేకుండా చేరాలని అడిగాను. సంబంధిత మంత్రి లేచి, గనులు కేంద్ర చట్టం పరిధిలోని విషయమనీ, మన చేతుల్లో పెద్దగా ఏమీ లేదనీ ఒక్క వాక్యం చెప్పి కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. అనుబంధ ప్రశ్న వేయడానికి నా దగ్గర ఏమీ లేదు.

నెల తరువాత శాసనసభ గ్రంథాలయంలో 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం తీసి చదివాను. గ్రానైటు చిన్నతరహా ఖనిజం. ఆ చట్టంలోని 15వ సెక్షను చిన్నతరహా ఖనిజాల లీజులకూ, వాటి మీద వసూలు చేసే రుసుములకూ నియమాలు చేసే అధికారాన్ని పూర్తిగా రాష్ట్ర ప్రభుత్వానికే ఇచ్చింది. 1966 నుంచే మన రాష్ట్రానికి అటువంటి నియమాలు ఉన్నాయి కూడా. అంటే నేను అడిగింది అడగవలసిన చోటే అడిగాను, నాకు వచ్చిన జవాబే సరైనది కాదు. ఆ సంగతి ఆ రోజు నాకు తెలిసి ఉంటే ఆ జవాబు రికార్డులో అలా నిలిచేది కాదు. మా మండలానికి ఏళ్ళ తరబడి జరిగిన నష్టంలో నా చదువు లోపానికి కూడా భాగం ఉందని నేను ఈనాటికీ అనుకుంటాను.

కాబట్టి అమ్మాయీ, ఏ అంశం మీద మాట్లాడబోయినా ముందు ఒక్క ప్రశ్న వేసుకో: ఈ అధికారం ఎవరి చేతిలో ఉంది? ఢిల్లీ చేతిలోనా, నీవు కూర్చునే సభ చేతిలోనా, లేక పంచాయతీకి చెందవలసి ఉండగా సభ తన దగ్గరే ఉంచుకున్నదా? ఆ గడప తేల్చుకోకుండా ఎంత గట్టిగా మాట్లాడినా మంత్రికి తప్పుకునే దారి మనమే ఇచ్చినట్టు అవుతుంది. కేంద్రానికీ రాష్ట్రానికీ అధికారాలు పంచిన రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని మూడు జాబితాలను చిన్న పుస్తకంగా కుట్టించుకుని సంచిలో పెట్టుకో. అయితే జాబితాలో పేరు కనబడగానే సంతోషపడవద్దు. ఆ పద్దు చివర ఉన్న షరతు దాకా చదువు. రాష్ట్ర జాబితాలో 23వ పద్దు గనుల నియంత్రణను రాష్ట్రానికి ఇస్తూనే, కేంద్ర జాబితాలోని 54వ పద్దుకు దాన్ని లోబరచింది. 17వ పద్దు నీటిని రాష్ట్రానికి ఇచ్చింది, కానీ అంతర్రాష్ట్ర నదుల గురించిన కేంద్ర జాబితా 56వ పద్దుకు లోబడే. మన ప్రాంతపు తగాదాలన్నీ ఆ 'లోబడి' అన్న మాట చుట్టూనే తిరుగుతాయి.

గనుల విషయం కొంచెం విడమరచి చెబుతాను, ఎందుకంటే ప్రకాశం, నెల్లూరు, మన ఈ రెండు జిల్లాల కంటే దీనికి మంచి ఉదాహరణ దొరకదు. గూడూరు, సైదాపురం ప్రాంతాల అభ్రకం సంగతి చూడు. 2015 ఫిబ్రవరిలో కేంద్రం 31 ఖనిజాలను చిన్నతరహా ఖనిజాలుగా ప్రకటించినప్పుడు అభ్రకం, క్వార్ట్జు, ఫెల్‌స్పార్ ఆ జాబితాలో చేరి రాష్ట్రం చేతికి వచ్చాయి. పదేళ్ళు తిరిగేసరికి, 2025 ఫిబ్రవరిలో, బెరైటీసుతో పాటు ఆ మూడింటినీ మళ్ళీ ప్రధాన ఖనిజాలుగా మార్చారు. వాటితో కలిసి లిథియం వంటి విలువైన ఖనిజాలు దొరకవచ్చుననీ, చిన్నతరహా ఖనిజాలుగా ఉన్నంత కాలం వాటి లెక్క సరిగా బయటికి రావడం లేదనీ కారణం చెప్పారు. ఆ కారణంలో న్యాయం లేదని నేను అనను. నేను చెప్పేది వేరు. ఒక నోటిఫికేషనుతో భూమి కింది రాయి ఒక గడప నుంచి మరొక గడపకు మారిపోయింది. రాయి కదలలేదు, కూలివాళ్ళు మారలేదు, లీజుదారు మారలేదు, అయినా ఎవరిని అడగాలో మారిపోయింది. అందుచేత అభ్రకం మీద మాట్లాడేటప్పుడు 2015కు ముందు, 2015 నుంచి 2025 వరకు, ఆ తరువాత అని మూడు కాలాలుగా విడదీసి మాట్లాడు. నడిమి పదేళ్ళలో జరిగిన ప్రతి లీజుకూ, ప్రతి అక్రమ తవ్వకానికీ జవాబు చెప్పవలసినది రాష్ట్రమే. ఆ ప్రశ్నను ఢిల్లీకి నెట్టివేయడానికి ఎవరికీ వీలివ్వకు.

ఖనిజాల మీద పన్ను సంగతి కూడా నీకు తప్పక వస్తుంది. రాయల్టీ కూడా పన్నేనని 1989లో ఇండియా సిమెంట్స్ కేసులో ఏడుగురు న్యాయమూర్తులు చెప్పిన మాట ముప్పై అయిదేళ్ళు రాష్ట్రాల చేతులు కట్టివేసింది. 2024 జూలై 25న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఎనిమిదిమంది మెజారిటీతో ఆ తీర్పును తోసిపుచ్చింది. రాయల్టీ పన్ను కాదనీ, అది లీజు పుచ్చుకున్నవాడు ఖనిజం తవ్వుకునే హక్కుకు చెల్లించే ప్రతిఫలమనీ, ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్ర జాబితా 50వ పద్దు కింద శాసనసభకు ఉన్నదనీ తేల్చింది. అదే ఏడాది ఆగస్టులో, 2005 ఏప్రిల్ 1 నుంచి బకాయిలు అడగవచ్చుననీ, వాటిని 2026 ఏప్రిల్ నుంచి పన్నెండేళ్ళలో వాయిదాల మీద రాబట్టుకోవాలనీ చెప్పింది. ఈ తీర్పును సభలో ప్రస్తావించేటప్పుడు జస్టిస్ నాగరత్న రాసిన భిన్నాభిప్రాయాన్ని కూడా చదివి వెళ్ళు. రాష్ట్రాలు పోటీపడి పన్నులు వేస్తే ఖనిజాల అభివృద్ధి దెబ్బతింటుందన్నది ఆమె ఆందోళన. 50వ పద్దులోనే పార్లమెంటు చట్టం చేసి పరిమితి పెట్టవచ్చునన్న షరతు ఉంది. ఈ అధికారం శాశ్వతంగా మన చేతికి వచ్చిందని ప్రకటించి వచ్చావంటే, రేపు పార్లమెంటు ఒక సవరణ చేసిన నాడు నీ మాట నిలవదు.

రాయల్టీని పన్ను అనకు, పన్నును రుసుము అనకు. సభలో మాట జారడమంటే తిట్టు నోట రావడం ఒక్కటే కాదు, చట్టంలో ఒక అర్థమున్న పదాన్ని మరొక అర్థంలో వాడటం కూడా. ఆ తరువాత జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధి గురించి అడుగు. 1957 చట్టానికి 2015లో చేసిన సవరణతో 9బి సెక్షను కింద వచ్చిన ఆ నిధి గనుల వల్ల దెబ్బతిన్న ప్రజల కోసమే ఏర్పడింది. మన జిల్లాలో దెబ్బతిన్న ఊళ్ళుగా ఏ ఊళ్ళను గుర్తించారు, ఆ ఊళ్ళలో గ్రామసభ పెట్టి అడిగారా, ఖర్చు ఆ ఊళ్ళలోనే జరిగిందా అని, మంత్రి సభలో నోటితో జవాబు చెప్పవలసిన నక్షత్ర గుర్తు గల ప్రశ్నగా వేసి, అనుబంధ ప్రశ్నలు రెండు ముందే రాసి పెట్టుకో. ఉపన్యాసం కంటే ఆ వివరాల పట్టిక సభలోకి రావడమే నీ నియోజకవర్గానికి ఎక్కువ మేలు.

ఇక నీరు. రాష్ట్రాల మధ్య నదీజలాల తగాదాలకు రాజ్యాంగం 262వ అధికరణం వేరే దారి చూపించింది. 1956 నాటి చట్టం కింద ట్రిబ్యునలు ఏర్పడుతుంది, ట్రిబ్యునలుకు వెళ్ళవలసిన తగాదాను కోర్టులు విచారించకుండా ఆ చట్టమే అడ్డుపెట్టింది. బచావత్ ట్రిబ్యునలు ఉమ్మడి రాష్ట్రానికి కృష్ణలో 811 టీఎంసీలు ఇచ్చింది. ఈ అంకె నీకు కంఠతా ఉండాలి. కానీ దాన్నే పట్టుకుని గంటసేపు మాట్లాడితే మార్కాపురం రైతుకు చుక్క నీరు రాదు. మన సభ తీర్మానం చేసినంత మాత్రాన ట్రిబ్యునలు కేటాయింపు మారదు కదా.

వెలిగొండ విషయంలో నేను ఎప్పటికీ మరచిపోలేని సంగతి ఒకటి ఉంది. 2014 రాష్ట్ర విభజన చట్టం 11వ షెడ్యూలులో, నిర్మాణంలో ఉన్న ప్రాజెక్టులను పూర్తిచేయాలని చెబుతూ హంద్రీ నీవా, తెలుగుగంగ, గాలేరు నగరి, కల్వకుర్తి, నెట్టెంపాడులతో పాటు మన ప్రాజెక్టును కూడా రాశారు. కానీ వెలిగొండ అని కాదు, 'వెనెగొండు' అని అచ్చయింది. కనిగిరి, మార్కాపురం, యర్రగొండపాలెం, ఉదయగిరి ప్రజలు దశాబ్దాలుగా ఎదురుచూస్తున్న ప్రాజెక్టు పేరు, దేశపు చట్టంలో, ఆ పేరుతో ఎక్కడా లేని ఊరిలా పడింది. నదీజలాల వివాదంలో ఇటువంటి అక్షర దోషం కూడా ఎదుటివాడికి ఆయుధం అవుతుంది. కాబట్టి బిల్లు ప్రతి నీ చేతికి వచ్చిన రాత్రే షెడ్యూళ్ళతో సహా చదువు. వేదికల మీద మాట్లాడేవాళ్ళు షెడ్యూళ్ళు చదవరు, మన ఊళ్ళ పేర్లు మాత్రం షెడ్యూళ్ళలోనే ఉంటాయి.

అదే చట్టం 13వ షెడ్యూలులో మరొక పాఠం ఉంది. నెల్లూరు తీరంలోని దుగరాజపట్నంలో కేంద్ర ప్రభుత్వం ప్రధాన ఓడరేవును అభివృద్ధి చేస్తుందనీ, మొదటి దశ 2018 చివరికి పూర్తి కావాలనీ అందులో స్పష్టంగా రాశారు. కడప ఉక్కు కర్మాగారం దగ్గరికి వచ్చేసరికి, ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలను పరిశీలించాలని మాత్రమే అన్నారు. అభివృద్ధి చేయాలి అన్న మాటకూ, పరిశీలించాలి అన్న మాటకూ ఎంత దూరం ఉందో గమనించు. రెండో రకం మాటకు పరిశీలించాం, సాధ్యం కాదు అన్న జవాబు చాలు. మొదటి రకం మాటకు అటువంటి జవాబు చాలదు, అయినా ఆ రేవు రాలేదు. అందుచేత దుగరాజపట్నం గురించి మాట్లాడేటప్పుడు దానిని వాగ్దానం అని పిలవవద్దు, చట్టం విధించిన బాధ్యత అని పిలువు.

మళ్ళీ నీటికి వస్తాను. వెలిగొండకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద ఒక్కొక్కటీ దాదాపు 19 కిలోమీటర్ల సొరంగాలు రెండింటి గుండా నీరు వచ్చి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల గండ్లు మూసి కట్టిన నల్లమల సాగర్‌లో నిలవాలి. ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో కలిపి 4.47 లక్షల ఎకరాలు తడవాలి. ఇందులో కేటాయింపు సంగతి మన చేతిలో లేదు. ముంపు ఊళ్ళ పునరావాసం, కాలువలకు భూసేకరణ, పిల్ల కాలువల పని, ఏటా బడ్జెటులో పెట్టే సొమ్ము, పెట్టిన సొమ్ములో నిజంగా విడుదలైనది, ఇవన్నీ మన సభ చేతిలోనివే. వాటిని ఒక్కొక్కటిగా అడుగు. నీటిపారుదల పద్దు మీద కోత తీర్మానం ఇవ్వడానికి వెనుకాడకు. అది ప్రభుత్వాన్ని పడగొట్టడానికి కాదు, ఒక్క పని మీద మంత్రి చేత జవాబు చెప్పించడానికి ఉన్న సాధనం.

నాగార్జునసాగర్ కుడికాలువ చివరి ఆయకట్టు మన ప్రకాశం జిల్లాదే. దర్శి దిగువన ఒక తూము దగ్గర కాలువ నీటికి కాపలా చూసే లస్కరుతో నేను నిలబడిన రోజు గుర్తుంది. గోడ మీది గేజీ రాతిలో పాత నీటి మరక రెండడుగుల పైన ఉంది, నీళ్ళేమో అడుగున పాదం మునిగేటంత ఉన్నాయి. పైన ఎవరు ఎన్ని అడ్డుకట్టలు వేశారో అతనికి తెలుసు కానీ వాటిని తీయించే బలం అతనికి లేదు. 1997లో మన శాసనసభ నీటి సంఘాల చట్టం చేసి, కాలువ నిర్వహణను రైతులు ఎన్నుకున్న కమిటీలకు అప్పగించింది. ఎవరి అనుమతీ అడగకుండా, తన సొంత అధికారంతో, ఒక రాష్ట్రం కింది వాళ్ళకు అధికారం ఇచ్చిన మంచి ఉదాహరణ అది. ఆ సంఘాలకు నిధులూ, ఎన్నికలూ సకాలంలో లేకపోతే చట్టం కాగితం మీదే మిగులుతుందన్నది కూడా ఆ ఉదాహరణలోనే కనిపిస్తుంది.

ఇప్పుడు నీకు అన్నిటికంటే కష్టంగా ఉండబోయే విషయానికి వస్తున్నాను. పంచాయతీలకు రాజ్యాంగంలో చోటిచ్చిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చినప్పుడు నేను సంబరపడ్డాను. దానితో రాజ్యాంగంలో చేరిన 11వ షెడ్యూలులో 29 అంశాలు ఉన్నాయి. చిన్ననీటి వనరులు, తాగునీరు, చేపల పెంపకం, సామాజిక అడవులు అందులోవే. అయితే 243జి అధికరణం వాక్యం చూడు. పంచాయతీలకు ఆ అధికారాలను రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా 'ఇవ్వవచ్చు' అన్నది, 'ఇవ్వాలి' అనలేదు. అదే భాగంలో ఎన్నికల గురించీ, రాష్ట్ర ఎన్నికల సంఘం గురించీ చెప్పినప్పుడు విధిగా జరగాలని చెప్పింది. అంటే ఎన్నిక జరగడం తప్పనిసరి, ఎన్నికైన వాళ్ళ చేతికి ఏమి ఇవ్వాలన్నది మాత్రం నీవు కూర్చునే సభ ఇష్టం. 1994లో మనం పంచాయతీరాజ్ చట్టం చేసుకున్నాం. ఆ 29 అంశాల్లో పనీ, మనుషులూ, డబ్బూ ఈ మూడూ కలిసి పంచాయతీకి బదిలీ అయినవి ఎన్ని అని లెక్కవేయి. పని మాత్రమే ఇచ్చి మనుషులను శాఖ దగ్గరే ఉంచుకున్న చోట దాన్ని బదిలీ అనవద్దు.

నేను సర్పంచిగా ఉన్నప్పుడు పొదిలి రోడ్డు మీది మా ఊరి చేతిపంపుకు ఒక రోజు ఎర్ర రంగు వేసి వెళ్ళారు. ఫ్లోరైడు ఎక్కువగా ఉంది, తాగవద్దు అని ఆ రంగుకు అర్థం. రంగు వేయడానికి పంచాయతీని ఎవరూ అడగలేదు. బదులు నీళ్ళు ఎక్కడి నుంచి తేవాలో నిర్ణయించడానికీ పంచాయతీకి అధికారం లేదు. ఆ కాగితం మూడు కార్యాలయాలు తిరిగి రావడానికి రెండు వేసవులు పట్టింది. ఆ రెండు వేసవులూ ఆడవాళ్ళు ఎర్ర పంపు దగ్గరే బిందెలు నింపుకున్నారు, ఎందుకంటే మరో పంపు లేదు. బిందె అంచుకు ఆ రంగు కొంచెం అంటుకుని ఉండేది. పంచాయతీ అధికారాల మీద చర్చ అనగానే ఇప్పటికీ నా కళ్ళ ముందు ఆ బిందె అంచే కనబడుతుంది.

ఈ విషయంలో నీ సహసభ్యులు మౌనంగా ఉంటారు. ఇళ్ళు, పింఛన్లు, రోడ్లు, బదిలీలు శాసనసభ్యుడి సిఫార్సు మీద నడిచే చోట, అధికారం సర్పంచికి చేరితే తమ గుమ్మం ముందు జనం తగ్గుతారన్న భయం పార్టీలకు అతీతంగా ఉంది. నీవు ఆ భయానికి లొంగకు. పన్నుల వాటా పెంచమనీ, నదుల మీద మా మాట వినమనీ, గనుల మీద మా హక్కు గుర్తించమనీ మనం కేంద్రాన్ని అడుగుతున్నాం. అడగడం న్యాయమే. కానీ అదే నోటితో సర్పంచి చెక్కు మీద మరొకరి సంతకం ఉండాలని అనలేము. ఢిల్లీ నుంచి మనం కోరేదంతా మన నుంచి ఆ పంచాయతీ కోరుతోంది.

ఇందుకు నీ చేతిలో ఒక మంచి సాధనం ఉంది, దాన్ని వాడేవాళ్ళు తక్కువ. 243ఐ అధికరణం ప్రకారం అయిదేళ్ళకొకసారి రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని వేయాలి. దాని సిఫార్సులను, వాటి మీద తీసుకున్న చర్యల వివరణతో సహా, శాసనసభ ముందు పెట్టాలి. చివరి నివేదిక ఎప్పుడు వచ్చింది, చర్యల వివరణ సభ ముందు పెట్టారా, ఎన్ని సిఫార్సులు అంగీకరించి ఎన్ని అమలు చేశారు అని అడుగు. ఈ ప్రశ్నకు ఎవరూ ఇది కేంద్రం పరిధి అని చెప్పలేరు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలు కూడా సభకు వస్తాయి. స్థానిక సంస్థల మీది భాగాన్ని నీ మండలాల పేర్లు వెతుక్కుంటూ చదువు.

క్రింది నుంచి వచ్చిన మాట చట్టమైన సంగతి మన నెల్లూరు జిల్లాలోనే ఉంది. 1992లో దూబగుంట ఆడవాళ్ళు అక్షరాలు దిద్దుకుంటూ సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. మద్యం రాష్ట్ర జాబితాలోని అంశం కాబట్టి సభకు ఢిల్లీ వైపు చూడవలసిన పని పడలేదు. వాళ్ళు సరైన గడప ముందు కూర్చున్నారు, లేవలేదు.

సభలో మెలగవలసిన తీరు గురించి రెండు మాటలు చాలు. 194వ అధికరణం నీ మాటకు రక్షణ ఇస్తుంది, కానీ 211వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తుల విధి నిర్వహణను సభలో చర్చించకూడదు. తీర్పును విమర్శించు, రాసినవారి జోలికి పోకు. నెల్లూరు జిల్లా అలగానిపాడు నుంచి వచ్చిన కమ్యూనిస్టు నాయకులు పుచ్చలపల్లి సుందరయ్యగారు సైకిలు మీద పార్లమెంటుకు వెళ్ళేవారని అందరూ చెప్పుకుంటారు. ఆయన అంకెలతో సహా మాట్లాడేవారన్నది నీకు ఎక్కువ పనికి వస్తుంది. కాగితం చూపించలేని అంకెను నోటి వెంట రానివ్వకు. ప్రైవేటు సభ్యుల బిల్లు పెట్టదలచుకుంటే, ఖజానా మీద ఖర్చు పడేది అయితే 207వ అధికరణం కింద గవర్నరు సిఫార్సు కావాలని ముందే గుర్తుంచుకో. ఖర్చు లేకుండా, 29 అంశాల్లో ఒక్క చిన్ననీటి వనరుల విషయంలోనైనా అధికారాన్ని బదలాయించే చిన్న సవరణతో మొదలుపెట్టు. నెగ్గకపోవచ్చు. చర్చ రికార్డులో ఉంటుంది, తరువాత వచ్చేవారు దాన్ని తీసి చదువుకుంటారు.

సమావేశాలు మొదలయ్యే ముందు ఒక ఆదివారం ఒంగోలు రా. 1957 చట్టం పాత ప్రతి నా దగ్గర ఉంది, 15వ సెక్షను పక్కన ఆనాడు నేను పెన్సిలుతో గీసిన గీత ఇంకా చెరగలేదు, అది నీకు ఇస్తాను. అత్తయ్య పెట్టే భోజనం చేసి బయలుదేరితే చీకటి పడేలోపు దర్శి దిగువ తూము దాకా వెళ్ళి గేజీ చూసి రావచ్చు. వచ్చేటప్పుడు మీ మండలాల సర్పంచులను ఇద్దరిని వెంట తీసుకురా, నీవు మాట్లాడబోయేది ముందు వాళ్ళకు చదివి వినిపిద్దాం.

ఇట్లు,
మామయ్య